మత్తు మానే పిల్లల దగ్గర ఒక పూట

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



కిందటిసారి మీతో ఎండాకాలంలో పప్పులూ పిండీ పురుగు పట్టకుండా దాచుకోవడం గురించి మాట్లాడాను. చాలామంది ఉత్తరాలు రాశారు. ఈసారి కూడా అలాంటిదే ఏదో చెబుతానని మీరు రేడియో దగ్గర కూర్చుని ఉంటారు. కాని నేను చెప్పబోయేది వంటింటి సంగతి కాదు. కాదంటున్నాను గాని, చివరికి వంటింటి దాకా వచ్చింది లెండి. అది మీరే చూస్తారు.

మాది నల్లగొండ. మా కాలనీలో పదకొండు మంది ఆడవాళ్ళం కలిసి ఒక చిన్న మండలి పెట్టుకున్నాం. మండలి అంటే గొప్పగా ఏమీ ఊహించుకోకండి. నెలకో చిట్టీ, శ్రావణమాసంలో ఒక పూజ, ఏడాదికోసారి ఏ ఆశ్రమానికో వెళ్ళి పళ్ళు పంచి రావడం, అంతే. ఈ ఏడు పళ్ళు ఎక్కడ పంచాలా అని అనుకుంటుంటే, మాలో ఒకావిడ మరదలు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి పాలమూరు వైపు మత్తు మాన్పించే కేంద్రంలో కౌన్సెలరుగా పనిచేస్తుంది. "వదినా, అందరూ అనాథ పిల్లల దగ్గరికి పోతారు, ముసలివాళ్ళ దగ్గరికి పోతారు. మా పిల్లల దగ్గరికి ఎవరూ రారు. మీరు రాకూడదా?" అంది.

ఆ అమ్మాయి పిల్లలంటున్నది ఎవరిననుకున్నారు? గంజాయి సంచీతో పోలీసులకు పట్టుబడ్డవాళ్ళు, నిద్రమాత్రల పొట్లాలు మోసి కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళు, కల్లులో కలిపిన మందుకు అలవాటుపడి ఇంట్లో బిందెలూ చెంబులూ అమ్ముకున్నవాళ్ళు. కొందరిని చికిత్స కోసం కోర్టు పంపింది. కొందరిని ఇంటివాళ్ళే తెచ్చి చేర్చారు. వయసు చూడబోతే పద్దెనిమిది నుంచి ఇరవై మూడు, ఇరవై నాలుగు. పద్దెనిమిది నిండనివాళ్ళను వేరేగా ఉంచుతారు. వాళ్ళను మేము చూడలేదు.

మా ఇంట్లో సంగతి చెప్పనా? "నలుగురూ నవ్విపోతారు, గంజాయిగాళ్ళ దగ్గర నీకేం పని?" అన్నారు మావారు. మా అత్తగారు అంతకంటే ముందుచూపు గల మనిషి. "పోతే పో గాని, చేతుల బంగారు గాజులు తీసిపెట్టి పో" అంది. నేనూ తీసిపెట్టాను. మట్టిగాజులు వేసుకుని బయల్దేరాను. ఈ గాజుల మాట గుర్తుంచుకోండి.

ఆరుగురం వెళ్ళాం. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సు. ఆ దారి తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. బండరాళ్ళ గుట్టలు, పత్తి చేలు, మధ్యలో తాటిచెట్లు. ఒకచోట బస్సు ఆగితే, నడుముకు మోకు బిగించుకుని ఒక పెద్దాయన చెట్టెక్కుతున్నాడు. అంత ఎత్తు మీద ఆ మనిషిని చూస్తే భయమూ వేసింది, గౌరవమూ కలిగింది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేనీవేళ కల్లు గురించి మాట్లాడతాను గాని, చెట్టెక్కి కల్లు దించే గీత కార్మికుణ్ణి ఒక్క మాట కూడా అనబోను. చెట్టు మీది కల్లు వేరు, సీసాలో వచ్చేది వేరు.

కేంద్రం గేటు దగ్గరే కౌన్సెలరు అమ్మాయి మమ్మల్ని నిలబెట్టి జాగ్రత్తలు చెప్పింది. ఎవరినీ ఏం తప్పు చేశావని అడగవద్దు. ఊరు, ఇంటిపేరు అడగవద్దు. ఫోటోలు తీయవద్దు. చేతిలో డబ్బు పెట్టవద్దు. తెచ్చిన తినుబండారాలు ముందు ఆఫీసులో చూపించాలి. "ఇంకొకటి వదినా, ఉపదేశం చెయ్యొద్దు" అంది నవ్వుతూ.

మా సకినాల డబ్బా మూత తీసి చూశారు. అందులో కూడా దాచిపెట్టి తెచ్చేవాళ్ళుంటారట. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది గాని, వాళ్ళ పని వాళ్ళది.

ఇక లోపలికి వెళ్ళాక నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఉపదేశం. పొడుగాటి హాల్లో చాపల మీద పద్నాలుగు మంది కూర్చున్నారు. రేడియోలో మాట్లాడే మనిషిని కదా, నోరు ఊరుకుంటుందా? తల్లిదండ్రుల కష్టం, బంగారు భవిష్యత్తు అంటూ మొదలుపెట్టాను. రెండు నిమిషాలు కాలేదు, వెనకనించి ఒక కుర్రాడు మర్యాదగానే అన్నాడు: "అమ్మా, గివన్నీ సార్లు రోజు చెప్తరు. మీరు జర కూసోండ్రి." అందరూ నవ్వారు. నేనూ కూర్చున్నాను.

ఆ పూట మధ్యాహ్నం వంటకు పల్లికాయ ఒలవాల్సి ఉందట. రెండు గంపలు తెచ్చి మధ్యలో పెట్టారు. మేమూ ఒక పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టాం. అప్పటినించీ మాటలు వాటంతటవే వచ్చాయి. చేతికి పని ఉంటే నోటికి సిగ్గు పోతుంది కాబోలు. మనం కూడా అంతే కదా, చింతపండు గింజ తీస్తూ చెప్పుకున్న కష్టసుఖాలు కుర్చీల్లో కూర్చుంటే వస్తాయా?

నా పక్కన కూర్చున్న కుర్రాడికి పంతొమ్మిదేళ్ళు. మహబూబ్‌నగర్ పల్లెవాడు. తండ్రి బొంబాయిలో ఇళ్ళు కట్టే పనికి పోయి ఏడాదికి రెండుసార్లు వస్తాడు. తల్లి కూలి. సాయంత్రం కూలి నించి వచ్చి ఒళ్ళునొప్పులకని ఒక సీసా కల్లు తెచ్చుకునేది. పక్కన కూర్చున్న పిల్లవాడికి ఒక గుక్క పోసేది. "అప్పుడు నాకు ఏడెనిమిదేండ్లు ఉంటయేమో. మంచిగ నిద్ర వట్టేది" అన్నాడు. ఆ తల్లిని తిట్టుకోకండి. ఆ గుక్కలో ఏమున్నదో ఆమెకూ తెలియదు. తరవాత వాడు కల్లు డిపోలో సీసాలు కడిగే పనిలో చేరాడు. కొన్నాళ్ళకు ఆ డిపోవాడు ఒక తెల్ల పొడి పొట్లం ఇచ్చి పక్క ఊళ్ళో అందించి రమ్మన్నాడు. మూడోసారి తీసుకుపోతుంటే పట్టుకున్నారు.

ఆ పొడి ఏమిటి? ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

తాటిచెట్టయినా, ఈతచెట్టయినా రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లు. అదీ ఏడాది పొడుగునా ఇవ్వదు. తాటిచెట్టు కల్లుకు రావాలంటే నాటాక పదిహేనేళ్ళు, అంతకు పైనా పడుతుంది. చెట్లేమో రానురాను కొట్టేస్తున్నాం. దుకాణాల్లో సీసాలు మాత్రం ఏనాడూ తరగవు. మరి ఎక్కడినించి వస్తున్నట్టు? నీళ్ళు, తీపికి శాకరిన్, నురగకు ఈస్టు, పైన మత్తుకు మందు. చెట్టు కల్లులో సారా గుణం తక్కువే. నీళ్ళు పోస్తే అదీ పోతుంది. ఆ లోటు పూడ్చడానికే ఈ మందు. పల్లెల్లో దాన్ని సీహెచ్ అంటారు, డైజోఫాం అంటారు. మొదటిది క్లోరల్ హైడ్రేట్, రెండోది డయజిపాం. ఈమధ్య వీటి చోట ఎక్కువగా వాడుతున్నది అల్ప్రాజోలం.

ఇవి ఏ దొంగలో కనిపెట్టినవి కావండి. క్లోరల్ హైడ్రేట్‌ను జర్మనీలో 1832లో తయారుచేశారు, 1869 నించి నిద్రమందుగా వాడారు. డయజిపాం 1963లో బజారుకొచ్చింది. అల్ప్రాజోలం 1981లో అమెరికాలో వచ్చింది. మూడూ రోగికి మేలు చెయ్యడానికి వచ్చినవే. డాక్టరు చేతిలో, తూకంగా, కొద్దిరోజులు వాడితే మందు. బకెట్లో చేత్తో పోసి కర్రతో కలిపితే? ఏ సీసాలో ఎంత పడిందో కలిపినవాడికే తెలియదు. "ఒక దినం గింత, ఒక దినం గంత. గిరాకి తగ్గితె జర ఎక్కువ ఏస్తుండె" అన్నాడు కుర్రాడు. మానకుండా రావడానికి వేస్తారన్నమాట.

ఇది పాలమూరులో ఒక ఊరి ముచ్చట కాదు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీకల్లు మీద దాడులు గట్టిగా మొదలుపెట్టింది. దుకాణాల్లో మందు కలపడం ఒక్కసారిగా ఆగింది. మంచిదే కదా అనుకుంటాం. కాని వారం తిరక్కుండా మహబూబ్‌నగర్, నిజామాబాదు, మెదక్ జిల్లాల్లో వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. చేతులు వణకడం, గాలిలో ఎవరితోనో మాట్లాడటం, మెడలు వంకర తిరగడం, ఫిట్స్. హైదరాబాదు ఎర్రగడ్డ ఆస్పత్రికి బండ్లలో తెచ్చారు. కొందరి ప్రాణాలు పోయాయి. కల్లు తాగి కాదు, తాగేది ఆగిపోయి. 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ ఆస్పత్రిలో మళ్ళీ ఇలాంటి రోగులే కనిపించారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో మందు ఎక్కువపడ్డ కల్లు తాగి అనేకమంది పడిపోయారు, కొందరు చనిపోయారు. ఒకచోట ఎక్కువై, ఒకచోట ఆగిపోయి, రెండు వైపులా ప్రమాదమే.

మానేస్తే ప్రమాదం ఏమిటని మీకు అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది. అక్కడి డాక్టరుగారిని అడిగాను. "అమ్మా, మీరు పాలు కాస్తారు కదా?" అన్నాడాయన. "పొంగు వస్తుంటే నీళ్ళు చల్లుతారు. మన మెదడు కూడా తన పొంగును తనే చల్లార్చుకుంటుంది. బయటినించి ఎవరో రోజూ నీళ్ళు చల్లుతుంటే, తను చల్లుకోవడం తగ్గించేస్తుంది. ఒకనాడు బయటి నీళ్ళు హఠాత్తుగా ఆగిపోతే ఏమవుతుంది? గిన్నె పొంగి పొయ్యి ఆరిపోతుంది. అదే ఫిట్స్."

అంచేత అక్కడ మందును ఒక్కరోజులో ఆపెయ్యరు. అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా పోతుంది, ఒకటి రెండు రోజుల్లోనే బాధ మొదలవుతుంది. డయజిపాం మెల్లగా పోతుంది. కనక ముందు ఆ డయజిపాం మాత్రే కొలతగా ఇచ్చి, దాన్ని రోజురోజుకీ వారంవారానికీ తగ్గించుకుంటూ వస్తారు. దొంగమందును అదే జాతి మందుతో దింపడమన్నమాట. దానికి డాక్టరూ, నర్సూ, రాత్రి కాపలా కావాలి. ఇంట్లో చేసే పని కాదు.

ఇక్కడే మీకు గట్టిగా చెప్పాలి. మనలో చాలామందికి తెలిసిన వైద్యం ఒకటే. గదిలో పెట్టి గొళ్ళెం వేసెయ్యడం. "నాలుగు రోజులు అల్లాడితే వాడే మానతాడు" అంటారు మగవాళ్ళు. గంజాయికైతే అలా ఉంచినప్పుడు చికాకూ, నిద్రపట్టకపోవడమూ వస్తాయి, ప్రాణానికి సాధారణంగా ముప్పు ఉండదు. నిద్రమాత్రలకూ, మందు కలిపిన కల్లుకూ, ఎక్కువగా తాగే సారాకూ అలా కాదు. గొళ్ళెం వేసిన గదిలో ఫిట్స్ వస్తే చూసేవాళ్ళెవరు? నాలుక కరుచుకుని, ఊపిరాడక పోయిన పిల్లలున్నారని డాక్టరుగారు చెప్పారు. ఆ గంపలో పల్లీలు ఒలుస్తున్నవాళ్ళలో ఇద్దరికి ఇంట్లో కట్టేసినప్పటి మచ్చలు మణికట్ల మీద ఇంకా ఉన్నాయి.

మణికట్టు అంటే గాజుల మాట గుర్తొచ్చింది. నేను ఒలుస్తుంటే ఒక కుర్రాడు నా చేతివైపే చూస్తున్నాడు. ఏళ్ళ తరబడి బంగారు గాజులున్న చోట తెల్లగా వలయం పడి ఉంది కదా. "ఇంట్ల పెట్టొచ్చిన్రా?" అన్నాడు. ఏం చెప్పను? అబద్ధం నోటి దాకా వచ్చింది. "అవును బాబూ, మా అత్తగారు తీసెయ్యమంది" అన్నాను. "మంచిపని జేసిన్రు. మా అమ్మవి నేనే అమ్మిన" అన్నాడు. నవ్వలేదు, ఏడవలేదు. కాయ చిదిమి గింజలు గంపలో వేశాడు. ఆ కుర్రాడు నల్లగొండవాడే. మన హైవే పక్క ఊరు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నించి గంజాయి విజయవాడ దారిన కోదాడ, సూర్యాపేట, నకిరేకల్ మీదుగా హైదరాబాదుకు పోతుందని పేపర్లో మీరూ చదువుతూనే ఉంటారు. ఆ దారిలో దిగి టీ తాగే బండ్లవాళ్ళతో స్నేహం. మొదట ఊరికే ఇచ్చారు. తరవాత డబ్బు అడిగారు. తరవాత డబ్బు లేకపోతే సంచీ మొయ్యమన్నారు. డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆగిపోయింది.

ఇదంతా కూలిజనం బాధ, పల్లెల బాధ అని మీరు అనుకునే లోపల నేను అసలు సంగతికి వస్తాను.

మధ్యాహ్నం రెండు గంటలకు ఇంటివాళ్ళను చూడనిచ్చే వేళ. వరండాలో బల్లల మీద తల్లులు వచ్చి కూర్చున్నారు. ఎక్కువమంది చెంగులో మూట కట్టుకుని వచ్చిన పల్లె తల్లులు. చివరి బల్ల మీద ఒకావిడ జరీ అంచు చీర, తలమీదికి కొంగు లాక్కుని గోడవైపు తిరిగి కూర్చుంది. నేను మంచినీళ్ళకని అటు వెళితే ఇద్దరి చూపులూ కలిశాయి. ఆవిడ నాకు బాగా తెలిసినావిడ. ఏ ఊరో, ఎలా తెలుసో చెప్పను. కొడుకు బెంగుళూరులో ట్రైనింగులో ఉన్నాడని మా అందరికీ మిఠాయి పంచింది. నేను కూడా తిన్నాను.

ఆవిడ చెయ్యి పట్టుకుని, "అక్కా, ఎవరికీ చెప్పకు" అంది. ఏడుపు లేదు. గొంతు పొడిగా ఉంది.

తరవాత ఆవిడే చెప్పింది. కొడుకు తెలివైనవాడు. ఎంట్రెన్సు పరీక్షకు రాత్రులు చదివి నిద్రపట్టడం లేదంటే, నాయనమ్మ జాలిపడి తన నిద్రమాత్ర సగం ఇచ్చింది. మంచి మనసుతోనే. ఆ చిన్న డబ్బా ఫ్రిజ్ మీద మందుల బుట్టలో ఉండేది. నెలలోపే డబ్బాలో లెక్క తేడా వచ్చింది. ముసలామె తనే మరిచిపోయి రెండుసార్లు వేసుకుంటోందని అనుకున్నారు. డాక్టరు చీటీ ఒకటే, దాన్ని చూపించి కుర్రాడు ఆరు మందుల షాపుల్లో కొన్నాడు. తరవాత చీటీ అక్కర్లేని చోటు తెలుసుకున్నాడు. ఒకరోజు ఇంట్లో అందరిముందూ ఫిట్స్ వచ్చి పడిపోయాడు. అప్పటిదాకా తల్లికి తెలియదు.

"ఈ సంగతి చెప్పనా, పేరు లేకుండా?" అని నెల తరవాత అడిగాను. "చెప్పు. మందుల బుట్ట సంగతి మాత్రం తప్పకుండా చెప్పు" అంది. అందుకే చెబుతున్నాను.

చెప్పేముందు నా సంగతి కూడా చెప్పుకోవాలి కదా. మా అమ్మ పోయిన ఏడాది నాకు నిద్రపట్టకపోతే ఒక డాక్టరు రెండు వారాలకని అల్ప్రాజోలం రాశాడు. చాలా చిన్న మాత్ర, ఆవగింజకంటే కొంచెం పెద్దది. రెండు వారాలు అయిపోయినా నేను ఆపలేదు. పాత చీటీ చూపిస్తే షాపులో ఇచ్చేవాడు. నాలుగు నెలలు వేసుకున్నాను. ఒకసారి పెళ్ళికి ఊరెళ్ళి డబ్బా మరిచిపోతే, రెండో రాత్రికల్లా చెమటలు, గుండెదడ, చేతిలో కాఫీ గ్లాసు వణికింది. అమ్మ మీద బెంగ అనుకున్నాను. పల్లెటూరి కల్లు దుకాణం ముందు పడిపోయిన మనిషికీ నాకూ ఒంట్లో జరిగింది ఒకటేనని ఆరోజు ఆ డాక్టరుగారు పాలపొంగు సంగతి చెబుతుంటే తెలిసింది. అతను వీధిలో వణికాడు, నేను పరుపుమీద వణికాను. తరవాత డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించుకుని మానేశాను. కనక మీలో ఎవరైనా ఏళ్ళ తరబడి వేసుకుంటుంటే, ఈ ప్రసంగం విని ఈ రాత్రే డబ్బా చెత్తబుట్టలో పారెయ్యకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. డబ్బా మాత్రం ఫ్రిజ్ మీద వద్దు, తాళంలో పెట్టండి. మాత్రలు లెక్కపెట్టుకోండి.

ఇక కేసుల సంగతి. తల్లులందరి భయమూ ఇదే, చికిత్సకు తీసుకుపోతే పోలీసులకు తెలిసిపోతుందని, పిల్లవాడి బతుకు పోతుందని. నేను పదో తరగతి చదివినదాన్ని, లాయరును కాను. కాని ఆ కేంద్రానికి వచ్చే వకీలమ్మగారు చెప్పింది కాగితం మీద రాసుకొచ్చాను. మన దేశంలో మత్తుమందుల చట్టం 1985లో వచ్చింది. అందులో 64-ఏ అని ఒక సెక్షను ఉంది. వాడకానికి గాని, కొద్దిపాటి మత్తుమందు దగ్గర ఉన్నందుకు గాని కేసు పడ్డవాడు అలవాటుపడిన మనిషై ఉండి, తనంతట తానే ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు చేరి, పూర్తి చేస్తే, అతని మీద ప్రాసిక్యూషను ఉండదు. మధ్యలో మానేసి పారిపోతే ఆ రక్షణ పోవచ్చు. 39వ సెక్షను ప్రకారం, అలాంటి చిన్న నేరం రుజువైన అలవాటుపడ్డ మనిషిని జైలుకు పంపకుండా, అతని సమ్మతితో చికిత్సకు పంపడానికి కోర్టుకు అధికారం ఉంది. కొద్దిపాటి అంటే గంజాయికి ఒక కిలో దాకా, అల్ప్రాజోలంకి 5 గ్రాముల దాకా. గంజాయి 20 కిలోలు దాటిందంటే మాత్రం పదేళ్ళకు తక్కువ ఉండదు. "సంచీల ఎంతున్నదో నాకు తెల్వదు" అంటే ఎవరు వింటారు? ఊరికే మోసిపెట్టమన్న స్నేహితుడి సంచీ ఎంత బరువో పిల్లలకు చెప్పాల్సింది ఇక్కడే.

పద్దెనిమిది నిండని పిల్లవాడైతే సంగతి వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం వాణ్ణి లాకప్పులో గాని, జైల్లో గాని ఉంచకూడదు. ఇరవై నాలుగు గంటల్లో బాలల న్యాయమండలి ముందు హాజరుపరచాలి. ఆ మండలిలో మెజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సంఘసేవకులుంటారు, వారిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. పేరూ, ఫోటో ఎక్కడా వెయ్యకూడదు. అదే చట్టంలో, పిల్లలకు డాక్టరు చెప్పకుండా మత్తు పదార్థం ఇచ్చినవాళ్ళకూ, వాళ్ళ చేత మోయించినవాళ్ళకూ ఏడేళ్ళ దాకా శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా రాసి ఉంది. ఆ డిపోవాడికి ఇది వర్తించాలి కదా అని నేను వకీలమ్మగారిని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పిల్లవాడు మొదటిసారి మోసేనాటికి పద్దెనిమిది దాటి రెండు నెలలైందట. అంతకుముందు సీసాల్లో పోసిందానికి సాక్ష్యం ఎవరు చెబుతారు, ఆ ఊళ్ళో?

కేంద్రాలన్నీ మంచివే అనుకోకండి. కొట్టేవీ, గొలుసులు వేసేవీ ఉన్నాయి. మానసిక ఆరోగ్య చట్టం 2017లో వచ్చాక మనిషిని గొలుసులతో కట్టడం నేరం. ఎక్కడైనా చేర్పించేముందు రిజిస్ట్రేషను కాగితం అడగండి, డాక్టరు ఏ వేళల్లో ఉంటాడో అడగండి, మీరు వచ్చి చూడనిస్తారా అని అడగండి. చూడనివ్వమంటే వెనక్కి వచ్చెయ్యండి. ముందు ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446 అని మత్తు మానడానికి సలహా ఇచ్చే నంబరు ఉంది, డబ్బు పడదు. మనసు బాగోకపోతే 14416. రెండూ రాసుకోండి. రాసుకున్న కాగితం ఎవరి కంటా పడకూడదనుకుంటే పోపులపెట్టె అడుగున పెట్టుకోండి, మగవాళ్ళెలాగూ చూడరు.

1990ల్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలుపెట్టి ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించిన సంగతి మీకు తెలుసు. 1993 అక్టోబరు 1 నించి రాష్ట్రమంతా సారా ఆగింది. మాలో పెద్దావిడ ఒకరు బస్సులో అదే అంది, "మళ్ళీ అట్లా కర్రలు పట్టుకుని కల్లు డిపోల మీదికి పోవాలె" అని. నాకు మనసు ఒప్పుకోలేదు. 2015లో ఒక్కసారిగా మూస్తే ఏమైందో చూశాం కదా. తాళం వేసేముందు పక్కన ఆస్పత్రి మంచాలు సిద్ధంగా ఉండాలి. ఆవిడ నాతో ఏకీభవించలేదు. జడ్చర్ల దాకా వాదించుకున్నాం.

మేం వెళ్ళిన నాడు ఉన్న పద్నాలుగు మందిలో అందరూ బాగుపడతారని కౌన్సెలరు అమ్మాయి చెప్పలేదు. ఇంటికి పోయి మళ్ళీ మొదలుపెట్టి రెండోసారి, మూడోసారి వచ్చినవాళ్ళు ఉన్నారు. "షుగరు జబ్బు మనిషి పండుగనాడు స్వీటు తింటే ఇంట్లోంచి వెళ్ళగొట్టం కదా వదినా, మళ్ళీ మందు ఇస్తాం" అంటుంది. తిరిగి ఊరికి పోయినవాడికి ఊరు ఏం ఇస్తున్నదన్నది దాని ప్రశ్న. అదే డిపో, అదే స్నేహితులు, పని మాత్రం లేదు. పైగా "గంజాయిగాడు" అనే పేరు. ఆ నల్లగొండ కుర్రాడు సైకిలు షాపులో పని చూసుకుంటానంటున్నాడు. షాపాయన రానిస్తాడో లేదో.

మిఠాయి పంచిన ఆవిడ కొడుకు ఇంటికి వచ్చాడు. బెంగుళూరు నించి వచ్చాడనే కాలనీలో అనుకుంటున్నారు. నేనూ అవునన్నాను. నాయనమ్మ మాత్రం ఇప్పుడు మందుల డబ్బా తన బీరువాలో పెట్టుకుని తాళంచెవి మొలకు దోపుకుంటోందట.

మేం ప్రతి నెల రెండో గురువారం వెళుతున్నాం. ఆరుగురం ఇప్పుడు తొమ్మిది మందిమి అయ్యాం. మావారు ఏమీ అనడం లేదు, బస్సు చార్జీలు తనే బల్లమీద పెడుతున్నారు. పోయిన నెల బయల్దేరేటప్పుడు నేను గాజులు తియ్యలేదు, అత్తగారు చూసి ఊరుకుంది. సకినాలు బాగున్నాయి గాని గట్టిగా ఉన్నాయని పిల్లలు అంటున్నారు. ఆ డిపో కుర్రాడు జొన్నరొట్టె, పుంటికూర పప్పు కావాలన్నాడు. పప్పు సంగతి సరే, నాకు జొన్నరొట్టె తట్టడం రాదు, తెడ్డు మీదినించి విరిగిపోతుంది. మా పనావిడ నేర్పుతానంది. రెండు రోజులుగా సాధన చేస్తున్నాను, నిన్నటివి నాలుగింటిలో ఒకటి నిలిచింది.